చార్తోరిస్కి మ్యూజియం, క్రాకోవ్: ఒక కులీన వంశపు కళాసేకరణ, దాని సంరక్షణపై సమీక్ష

పోలండ్‌లోని క్రాకోవ్ పాతనగరంలో, ఫ్లోరియన్ ద్వారానికి కూతవేటు దూరంలో ఉన్న చార్తోరిస్కి మ్యూజియానికి వచ్చేవారిలో అత్యధికులు ఒకే ఒక్క చిత్రం కోసం వస్తారు. లియొనార్డో డావిన్చీ గీసిన ‘ఎర్మిన్‌తో యువతి’ (ఎర్మిన్ అంటే ముంగిసలాంటి తెల్లబొచ్చు జంతువు) ఉన్న గదిని వెతుక్కుంటూ మిగతా గదులను నాలుగడుగుల్లో దాటేసి, ఆ చిత్రం ముందు కాసేపు నిలబడి, వచ్చిన దారినే వెళ్ళిపోతారు. వారిని తప్పుపట్టడానికేమీ లేదు, ఆ చిత్రం అంతటిదే. అయితే ఈ మ్యూజియం విలువను ఆ ఒక్క చిత్రంతో తూచితే, ఇక్కడ చూడవలసిన అసలు సంగతి చేజారిపోతుంది. ఒక వంశం 200 ఏళ్ళకు పైగా తన దగ్గర ఉంచుకొని, యుద్ధాలు వచ్చినప్పుడల్లా ఊరి నుంచి ఊరికి, దేశం నుంచి దేశానికి మోసుకుపోయి, కొంత పోగొట్టుకొని, కొంత తిరిగి రాబట్టుకొని, చివరికి ప్రభుత్వానికి అప్పగించిన సేకరణ ఇది. కనుక గదుల అమరికను, వెలుతురును, వివరణ ఫలకాలను మాత్రమే చూసి ఈ మ్యూజియానికి మార్కులు వేయడం సరిపోదని, ఆ సంరక్షణ ఎలా సాగిందన్నది కూడా సమీక్షలో భాగం కావాలని నా ఉద్దేశం.

ఈ సేకరణకు మూలపురుషుడంటూ ఎవరూ లేరు, ఉన్నది మూలపురంధ్రి. ఫ్లెమింగ్ వంశంలో పుట్టి చార్తోరిస్కి ఇంటికి కోడలిగా వచ్చిన ఇజాబెలా చార్తోరిస్కా తన జీవితకాలంలోనే తన దేశం పటం మీద నుంచి చెరిగిపోవడం చూసింది. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు 1772లో, 1793లో, 1795లో మూడు విడతలుగా పోలండ్‌ను పంచుకున్నాయి. 1794 నాటి తిరుగుబాటు సమయంలో రష్యన్ సేనలు పువావి పట్టణంలోని ఆమె కుటుంబ భవనాన్ని ధ్వంసం చేశాయి. దాన్ని బాగుచేయించుకుంటూనే ఆమె ఆ ఉద్యానవనంలో మరో కట్టడానికి పూనుకుంది. ఇటలీలోని తివోలీలో ఉన్న ప్రాచీన దేవాలయాన్ని ఆదర్శంగా తీసుకొని వాస్తుశిల్పి ఐగ్నెర్ కట్టిన ఆ గుండ్రని మందిరానికి సిబిల్ దేవాలయమని పేరు. 1801లో అది తెరుచుకుంది. పోలండ్ దేశపు తొలి మ్యూజియంగా చరిత్రకారులు దాన్నే చెబుతారు. దాని ద్వారం మీద ‘గతం భవిష్యత్తుకు’ అని చెక్కించింది. రాజ్యం లేదు, సైన్యం లేదు, సింహాసనం లేదు. మిగిలినవి ఆ రాజులు తొడిగిన ఉంగరాలు, చదువుకున్న ప్రార్థనపుస్తకాలు, దూసిన కత్తులు. వాటిని ఒకచోట చేర్చి భద్రపరిస్తే, ఏనాటికైనా దేశం తిరిగి లేచినప్పుడు అప్పగించవచ్చునన్నది ఆమె ఆలోచన.

ఆమె సేకరించిన వస్తువుల తీరు తెలిస్తే, ఈ మ్యూజియం మామూలు చిత్రకళా ప్రదర్శనశాలలా ఎందుకు ఉండదో అర్థమవుతుంది. 1800లో ఆమె తయారు చేయించిన రాజపేటికలో పోలండ్ రాజులకు, రాణులకు చెందిన 73 చిన్న చిన్న విలువైన వస్తువులను అమర్చింది. 1809లో పువావిలోనే గోథిక్ గృహం అనే మరో భవనం తెరిచి, అందులో యూరప్ అంతటి నుంచీ తెచ్చిన స్మారకాలను ఉంచింది. ఇంగ్లండ్‌లో పర్యటించినప్పుడు స్ట్రాట్‌ఫర్డ్‌లో షేక్‌స్పియర్ ఇంటిదని చెబితే ఒక పాత కుర్చీని కూడా కొనుక్కొచ్చింది. అది నిజంగా షేక్‌స్పియర్ కూర్చున్న కుర్చీయేనా అని ఇవాళ్టి పరిశోధకుడు అడిగితే సమాధానం చెప్పడం కష్టం. ఆమెకు మాత్రం ఆ ప్రశ్న అంత ముఖ్యం కాదు. ఎవరి చేయి తాకింది, ఎవరి కథ అంటుకుంది అన్నదే ఆమెకు కావలసింది. పండితులు ఈ ధోరణిని చూసి నవ్వుకోవచ్చు గానీ, ఆ భావుకతే లేకపోతే ఈ వస్తువుల్లో సగం వేలంపాటల్లో చెల్లాచెదురై ఉండేవి.

లియొనార్డో చిత్రం కూడా ఈ ఇంటికి ఇలాగే, పెద్ద ప్రణాళికేమీ లేకుండా వచ్చింది. ఇజాబెలా కుమారుడు ఆడం యెజీ చార్తోరిస్కి 1798 ప్రాంతంలో ఇటలీలో ఉండగా ఈ చిత్రాన్నీ, రఫాయెల్ గీసిన ‘యువకుడి చిత్రం’ అనే మరో అపురూపమైన దాన్నీ కొని తల్లికి చేర్చాడు. ఆ యువతి ఎవరో అప్పుడు వారికి తెలియదు. ఎడమవైపు పై మూలలో ఎవరో తర్వాతికాలంలో రాయించిన అక్షరాలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. అవి ఈమెను పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న మరొక చిత్రంలోని స్త్రీగా పొరపడి చెబుతున్నాయి. చిత్రంలో యువతి వెనుక నేపథ్యాన్ని నల్లరంగుతో పూయించింది కూడా ఈ కాలంలోనేనని నిపుణుల అభిప్రాయం. ఎంతో ప్రేమగా చూసుకునేవారి చేతిలో కూడా ఒక కళాఖండానికి ఎలాంటి హాని జరగగలదో చెప్పడానికి ఆ నల్లని నేపథ్యం చాలు. ప్రేమ వేరు, సంరక్షణ శాస్త్రం వేరు. 19వ శతాబ్దపు తొలినాళ్ళలో మొదటిది పుష్కలంగా ఉంది, రెండోది ఇంకా పుట్టలేదు.

ఆడం యెజీ జీవితం ఒక్కటే ఒక గ్రంథమంత ఉంటుంది. రష్యా చక్రవర్తి మొదటి అలెగ్జాండర్‌కు 1804 నుంచి 1806 దాకా విదేశాంగ మంత్రిగా పనిచేసినవాడే, 1830 నవంబరులో ఆ సామ్రాజ్యం మీదనే తిరుగుబాటు రేగినప్పుడు పోలండ్ జాతీయ ప్రభుత్వానికి అధ్యక్షుడయ్యాడు. తిరుగుబాటు విఫలమయ్యాక, అతడు ఎదుట లేకుండానే మరణశిక్ష పడింది, పువావి ఆస్తిని రష్యా జప్తు చేసింది. అప్పటికి ఎనభై దాటిన ఇజాబెలా సేకరణను దాచే పనిలో పడింది. కొన్ని వస్తువులను ఆస్ట్రియా ఏలుబడిలోని షెన్యావా భవనానికి, కొన్నింటిని ఇరుగుపొరుగు ఇళ్ళకు తరలించారు. ఆమె 1835లో కన్నుమూసింది. కొడుకు పారిస్‌లో ప్రవాసిగా స్థిరపడి, 1843లో సేన్ నది నడుమ దీవిలో ఉన్న ఒతెల్ లాంబేర్ భవనాన్ని కొన్నాడు. దశాబ్దాల పాటు ప్రవాస పోలండ్ రాజకీయాలకు ఆ భవనమే కేంద్రం. సేకరణలోని ముఖ్యమైన భాగం క్రమంగా అక్కడికే చేరింది.

దాన్ని మళ్ళీ పోలండ్ గడ్డ మీదకు తెచ్చినవాడు ఆడం యెజీ కుమారుడు వ్లాదిస్లావ్. 1870లో ప్రష్యాతో యుద్ధం, ఆ వెంటనే పారిస్ కమ్యూన్ అల్లర్లు జరిగాక, పారిస్ కూడా భద్రమైన చోటు కాదని తేలిపోయింది. ఆస్ట్రియా పాలన కింద స్వపరిపాలన పొందిన గలీషియా ప్రాంతంలో, క్రాకోవ్ నగరంలో, పోలిష్ భాషకూ సంస్కృతికీ కాస్త ఊపిరి ఆడే వీలుంది. 1874లో క్రాకోవ్ నగరపాలన పాత కోట గోడకు ఆనుకొని ఉన్న ఆయుధాగారాన్ని మ్యూజియం కోసం ఇవ్వజూపింది. వ్లాదిస్లావ్ దానికి పక్కనే ఉన్న ఇళ్ళను, పాత మఠ భవనాన్ని కూడా కలుపుకొని, ఫ్రెంచి వాస్తుశిల్పి ఊరదూ చేత వాటిని ఒక్క సముదాయంగా మలిపించాడు. 1878లో మ్యూజియం ప్రజలకు తెరుచుకుంది. వీధి మీదుగా ఒక భవనాన్నుంచి మరో భవనానికి కట్టిన వంతెన ఇప్పటికీ ఆ వీధికి గుర్తు. దాని కింద నుంచి నడిచి వెళ్ళేవారిలో చాలామందికి తాము ఒక మ్యూజియం కిందుగా వెళ్తున్నామని తెలియదు.

నా దృష్టిలో ఈ వంశంలో నిజమైన సంరక్షకుడు వ్లాదిస్లావే. నాయనమ్మ భావావేశంతో కూడబెట్టింది, తండ్రి ప్రవాసంలో కాపాడాడు, ఇతడు మాత్రం దాన్ని ఒక సంస్థగా నిలబెట్టాడు. ప్రాచీన ఈజిప్టు, గ్రీసు, రోము వస్తువులను, మధ్యయుగాల అలంకార కళాఖండాలను తనే కొని చేర్చాడు. తర్వాతి తరంలో ఆస్తిని వారసులు పంచుకోవడానికి వీల్లేని రీతిలో చట్టపరమైన కట్టుబాటు కూడా చేశారు. సేకరణ ముక్కలు కాకుండా ఇప్పటిదాకా ఉండడానికి ఇదొక ముఖ్య కారణం. ఇతడి సోదరి ఇజాబెలా జియాలిన్‌స్కా కూడా గొవుహూఫ్ కోటలో సొంతంగా ఒక మ్యూజియం పెట్టింది, ఆమె గ్రీకు పాత్రల సేకరణ అప్పట్లో ఎంతో పేరు పొందింది. అది వేరే కథ, ఇక్కడ దాని జోలికి పోను.

ఇప్పుడున్న మ్యూజియం సంగతికి వద్దాం. 2010లో మరమ్మతుల కోసం మూసివేసిన ప్రాసాదం 2019 డిసెంబరులో తిరిగి తెరుచుకుంది. దాదాపు పదేళ్ళు! అంత కాలం పట్టినందుకు అప్పట్లో విమర్శలు రావడం సహజమే. అయితే ఫలితం చూశాక, ఆ ఆలస్యాన్ని మన్నించవచ్చుననిపిస్తుంది. లోపలి ప్రాంగణం మీద గాజు కప్పు వేశారు, ఒకప్పుడు వానకు తడిసే నడవ ఇప్పుడు వెలుతురు నిండిన స్వాగతమండపమైంది. ప్రదర్శన రెండు అంతస్తుల్లో, 26 గదుల్లో విస్తరించి ఉంది. వివరణలు పోలిష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ ఉన్నాయి. పోలండ్ చరిత్రతో బొత్తిగా పరిచయం లేనివారికి మాత్రం రాజుల పేర్లు, యుద్ధాల పేర్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడినట్టుంటాయి. వెళ్ళేముందు ఆ మూడు విభజనల గురించి, 1683 నాటి వియన్నా యుద్ధం గురించి రెండు పేజీలు చదువుకొని వెళ్తే, ఆ గదులు చెప్పే కథ చక్కగా తలకెక్కుతుంది.

ఆ వియన్నా యుద్ధానికి సంబంధించిన వస్తువులు సేకరణలో ఒక గట్టి భాగం. పోలండ్ రాజు మూడో యాన్ సోబియెస్కి ఆటోమన్ సైన్యాన్ని ఓడించాక విజయచిహ్నాలుగా తెచ్చుకున్న ఆయుధాలు, గుర్రపు జీనులు, అలంకారాలు తర్వాత ఎన్నో ఉన్నత కుటుంబాల ఇళ్ళకు చేరాయి. వాటిలో ఒక భాగం ఇక్కడికి వచ్చింది. శత్రువు దగ్గర గెలుచుకున్న వస్తువును ఇంత నిష్ఠగా, దాని పనితనాన్ని మెచ్చుకుంటూ దాచుకోవడంలో ఒక విచిత్రమైన గౌరవం ఉంది. ఓడినవాడి శిల్పచాతుర్యానికి గెలిచినవాడి ఇంట్లో దొరికిన పీట అది. ఈ గదుల్లో తీరికగా నిలబడేవారు తక్కువే కనుక, దగ్గరికి వెళ్ళి చూసేందుకు చోటు దొరుకుతుంది. తొందరపడి దాటిపోవద్దని నా సలహా.

లియొనార్డో చిత్రానికి చీకటి గోడల గదిని విడిగా కేటాయించారు. చిత్రం ఊహించినదానికంటే చిన్నది. వాల్‌నట్ చెక్క మీద తైలవర్ణాలతో వేసిన దీని ఎత్తు సుమారు 55 సెంటీమీటర్లు, వెడల్పు 40 సెంటీమీటర్లు. 1490 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుదోవికో స్ఫోర్జా ఆస్థానంలో గీసినది. ఇందులోని యువతి ఆ లుదోవికో ప్రేయసి చెచీలియా గల్లెరానీ. ముఖం ఒకవైపు, భుజాలు మరోవైపు తిరిగి ఉండడాన్ని అందరూ గమనిస్తారు. నేను చూడమనేది ఆమె కుడిచేతిని. ఆ తెల్లని జంతువు మెడ మీద వాలిన పొడవాటి వేళ్ళ కీళ్ళు, చర్మం కింద కదిలే నరాలు, గోళ్ళ దగ్గర మడత, అన్నీ శరీరనిర్మాణం చదివినవాడు గీసినట్టే ఉంటాయి. ఆ వేళ్ళ ఒత్తిడికి బొచ్చు ఎక్కడ అణిగిందో, ఎక్కడ లేచిందో కూడా తెలుస్తుంది. అదే చిత్రంలో ఎడమచేయి మాత్రం దాదాపు నీడలో కలిసిపోయింది. నుదుటి మీద సన్నని నల్లదారం, దాని పైన మేలిముసుగు అంచు, గడ్డం కింద నుంచి తిప్పి కట్టినట్టున్న జుట్టు, మెడలో నల్లపూసల దండ, ఇవన్నీ ఒక్కొక్కటిగా కళ్ళకు ఆనుతాయి. రంగు ఆరకముందే లియొనార్డో వేలితో అద్దిన గుర్తులు కూడా పరిశీలకులకు కనిపించాయి. ఇన్ని వివరాల మధ్య ఆ పూసిన నల్లరంగు మాత్రం ఒక గోడలా అడ్డం నిలుస్తుంది. దాన్ని ఇప్పుడు తీసేయడం అసలు పూతకే ప్రమాదం కనుక, అలాగే ఉంచడం సబబే.

ఇదే మ్యూజియంలో రెంబ్రాంట్ గీసిన ‘దయగల సమరయుడితో ప్రకృతిదృశ్యం’ ఉంది. 1638 నాటిది. ఈ చిత్రకారుడు తైలవర్ణాలతో వేసిన ప్రకృతిదృశ్యాలు వేళ్ళమీద లెక్కించదగినన్ని, కనుక ఇదొక అరుదైన అవకాశం. దట్టమైన చెట్లు, ముసురుకొస్తున్న ఆకాశం, ఎక్కడో ఒక పక్క మెరిసే పొలం, ఆ చెట్ల నీడలో దారి మీద చిన్నగా, వెతికితే గానీ కనబడని ఆ బైబిల్ కథలోని పాత్రలు. చార్తోరిస్కి ఆస్థానంలో చిత్రకారుడిగా పనిచేసిన ఫ్రెంచివాడు నోర్‌బ్లాన్ ద్వారా ఇది ఈ సేకరణలోకి వచ్చింది. లియొనార్డో చిత్రం దగ్గర గుమిగూడేవారు దీన్ని పట్టించుకోకుండా దాటిపోవడం నాకైతే అన్యాయంగా అనిపిస్తుంది. నిజానికి చూపు కాసేపు ఇటు తిప్పితే, ఇద్దరు మహాకళాకారులు వెలుగునూ చీకటినీ ఎంత వేర్వేరుగా వాడారో ఒకే నిమిషంలో తెలిసిపోతుంది.

ఈ మ్యూజియంలో కనబడని వస్తువుల గురించి చెప్పకుండా సమీక్ష పూర్తికాదు. 1939లో యుద్ధం ముంచుకొస్తుండగా, అతి విలువైన వస్తువులను షెన్యావాకు పంపి దాచారు. సెప్టెంబరులో వచ్చిన జర్మన్ సైనికులు ఆ రహస్యస్థలాన్ని కనిపెట్టి దోచుకున్నారు. ఇజాబెలా చేయించిన రాజపేటికలోని వస్తువులు అప్పుడే చేతులు మారిపోయాయి. లియొనార్డో, రఫాయెల్, రెంబ్రాంట్ చిత్రాలు బెర్లిన్‌కు వెళ్ళాయి. ఆక్రమిత పోలండ్‌కు గవర్నర్ జనరల్‌గా వచ్చిన హాన్స్ ఫ్రాంక్ వాటిని వావెల్ కోటలోని తన నివాసానికి తెప్పించుకున్నాడు. 1945లో సోవియట్ సేనలు సమీపించగా పారిపోతూ, వాటిని వెంట తీసుకుపోయాడు. ఆ మేలో బవేరియాలోని అతడి ఇంట్లో అమెరికన్ సైనికులు లియొనార్డో, రెంబ్రాంట్ చిత్రాలను కనుగొన్నారు. 1946లో కళాచరిత్రకారుడు కారోల్ ఎస్త్రైహెర్ వెంటరాగా లియొనార్డో చిత్రం రైలులో క్రాకోవ్‌కు తిరిగివచ్చింది. రఫాయెల్ చిత్రం మాత్రం దొరకలేదు, నేటికీ ఆచూకీ లేదు. నురెంబర్గ్ యుద్ధనేరాల విచారణ తీర్పు ప్రకారం 1946 అక్టోబరులో ఫ్రాంక్‌ను ఉరితీశారు. ఆ చిత్రాన్ని ఏం చేశాడో అతడి నోటి నుంచి బయటపడలేదు. ఇదొక్కటే కాదు, యుద్ధంలో పోయినవాటిగా ఈ సేకరణ నమోదు చేసుకున్న వస్తువుల సంఖ్య 800 దాటుతుంది. రఫాయెల్ చిత్రం కోసం ఏళ్ళ తరబడి ఒక ఖాళీ చట్రాన్ని గోడకు వేలాడదీశారు. పోయినదాన్ని దాచిపెట్టకుండా చూపించడం కూడా సంరక్షణలో భాగమే కదా.

యుద్ధం ముగిశాక కొత్త ప్రభుత్వం ఈ మ్యూజియాన్ని తన నిర్వహణలోకి తీసుకొని, క్రాకోవ్ జాతీయ మ్యూజియానికి జోడించింది. చార్తోరిస్కి కుటుంబం అప్పటికే స్పెయిన్ చేరుకుంది. వారసుడు ఆడం కారోల్ 1940లో సెవిల్‌లో పుట్టాడు. కమ్యూనిస్టు పాలన పోయాక, 1991లో న్యాయస్థానం ఈ సేకరణ మీద ఆయన హక్కును గుర్తించింది. ఆయన దాన్ని తన పేర అట్టిపెట్టుకోకుండా, అదే ఏడాది చార్తోరిస్కి ఫౌండేషన్ స్థాపించి దానికి అప్పగించాడు. వస్తువులు ఫౌండేషన్‌వి, రోజువారీ సంరక్షణ జాతీయ మ్యూజియం నిపుణులది. ఈ ఏర్పాటు కాగితం మీద చక్కగానే ఉంది. ఆచరణలో మాత్రం ఖర్చు ఎవరిది, నిర్ణయం ఎవరిది అన్నది తరచూ తగవుగా మారింది.

ఆ తగవుల్లో అతి పెద్దది లియొనార్డో చిత్రం ప్రయాణాలది. 1991లో వాషింగ్టన్, ఆ తర్వాతి ఏళ్ళలో ఇటలీ, జపాన్, మళ్ళీ అమెరికా, 2011లో మాడ్రిడ్, బెర్లిన్, లండన్, ఇలా ఆ చిత్రం ఊరేగింపు విగ్రహంలా తిరుగుతూ వచ్చింది. ప్రదర్శనకు పంపితే వచ్చే రుసుము మ్యూజియం మరమ్మతులకు ఉపయోగపడుతుందన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. 500 ఏళ్ళు దాటిన పలుచని చెక్కపలక గాలిలో తేమ మారినప్పుడల్లా వంగుతుంది, పెట్టెలో కదిలినప్పుడల్లా అదురుతుంది, ఆ అదురుకు రంగుపొర బీటలు వారే ప్రమాదం ఉంటుంది. సంరక్షణ నిపుణులు దీనిమీద గట్టిగానే అభ్యంతరం చెప్పారు. నా మటుకు నేను నిపుణుల పక్షమే. అంతటి చిత్రాన్ని చూడాలనుకునేవారు దాని దగ్గరికి వెళ్ళాలి గానీ, దాన్నే తమ దగ్గరికి రప్పించుకోవడం తగదు.

2016 డిసెంబరు 29న పోలండ్ ప్రభుత్వం ఈ మొత్తం సేకరణను ఫౌండేషన్ నుంచి కొనేసింది. 10 కోట్ల యూరోలు చెల్లించి సుమారు 86,000 మ్యూజియం వస్తువులను, సుమారు 2,50,000 పుస్తకాలు, రాతప్రతులు మొదలైన గ్రంథాలయ సంపదను, భవనాలను, యుద్ధంలో పోయిన వస్తువుల మీది హక్కులను కూడా పొందింది. సేకరణ విలువ సుమారు 200 కోట్ల యూరోలని అప్పట్లో అంచనా. అంటే ప్రభుత్వం చెల్లించింది అందులో ఇరవయ్యో వంతు. అంత తక్కువకు ఇవ్వడం అమ్మకం కన్నా దానానికే దగ్గర అన్నవారున్నారు. మరోవైపు, ఎలాగూ దేశం దాటడానికి వీల్లేని సొత్తుకు ప్రజాధనం ఇవ్వడమెందుకన్నవారూ ఉన్నారు. తమతో సంప్రదించకుండా ఒప్పందం కుదుర్చుకున్నారంటూ ఫౌండేషన్ బోర్డు సభ్యులు రాజీనామా చేశారు. ఆ సొమ్ములో అధికభాగం లీక్టెన్‌స్టైన్‌లో నెలకొల్పిన మరో ఫౌండేషన్‌కు చేరిందని 2018లో పోలండ్ పత్రికలు రాయడంతో చర్చ మళ్ళీ రాజుకుంది.

దీనిమీద ఒక మాట సూటిగా చెప్పాలి. ఒప్పందం జరిగిన తీరు హుందాగా లేదు. ఇంత పెద్ద విషయంలో బోర్డును పక్కనపెట్టి, ఏడాది చివరి రోజుల్లో సంతకాలు పూర్తి చేయడం వల్ల అనవసరమైన అనుమానాలకు తావు ఏర్పడింది. ఫలితం మాత్రం సరైనదే. ఒక సేకరణ భవితవ్యం ఒకే కుటుంబం ఆరోగ్యం మీద, ఆర్థికస్థితి మీద, వారసుల అభిరుచి మీద ఆధారపడి ఉండడం ఎన్ని తరాలు సాగుతుంది? ఇజాబెలా కాలంలో ప్రభుత్వమే లేదు గనుక కుటుంబం ప్రభుత్వం పని చేసింది. ప్రభుత్వం వచ్చాక ఆ పని దానికి అప్పజెప్పడం సహజం. మరమ్మతులు పూర్తయి ప్రాసాదం తెరుచుకున్నది కూడా ఈ కొనుగోలు జరిగిన మూడేళ్ళలోపే. ఖర్చు ఎవరిది అన్న ప్రశ్న పోవడం వల్ల ఎంత పని సులువైందో దీన్నిబట్టి ఊహించవచ్చు. అంతమాత్రాన ప్రభుత్వాలు ఎప్పుడూ మంచి సంరక్షకులేనని నేను అనడం లేదు. మంత్రులు మారినప్పుడల్లా ప్రాధాన్యాలు మారే చోట, నిపుణుల మాటకు చట్టబద్ధమైన విలువ ఉండడం అవసరం. చిత్రాన్ని ఎక్కడికి పంపాలన్న నిర్ణయం దౌత్య కానుకల జాబితాలోకి చేరకుండా చూడడం అన్నిటికన్నా ముఖ్యం.

సందర్శకులు దాదాపుగా పట్టించుకోని మరో భాగం, అదే నగరంలో మార్క్ వీధిలో ఉన్న చార్తోరిస్కి గ్రంథాలయం. అది ప్రదర్శనశాల కాదు, పరిశోధకులు చదువుకునే చోటు. పోలండ్, లిథువేనియాల అనుబంధంలో కీలకమైన 1413 నాటి హొరోద్వో ఒప్పందపు పత్రాలు అక్కడే ఉన్నాయి. చరిత్ర పరిశోధకులకు లియొనార్డో కన్నా ఆ కాగితాలే విలువైనవనడంలో అతిశయోక్తి లేదు. కొనుగోలు సమయంలో పత్రికలన్నీ చిత్రం గురించే రాసినా, సంఖ్యాపరంగా ప్రభుత్వానికి దక్కిన వాటిలో అధికభాగం ఈ గ్రంథాలయం సొత్తే.

వెళ్ళదలచినవారికి కొన్ని సూచనలు. మ్యూజియానికి సోమవారం సెలవు. వేసవిలోనూ వారాంతాల్లోనూ రద్దీ ఎక్కువ కనుక, ముందుగానే ఆన్‌లైన్‌లో టికెట్టు తీసుకోవడం మంచిది. ఉదయం తలుపులు తెరిచిన వెంటనే వెళ్ళేవారు లియొనార్డో గదికి ముందుగా వెళ్ళి, జనం చేరకముందే చూసుకొని, ఆ తర్వాత మొదటికి వచ్చి మిగతా గదులను వరుసగా చూడడం ఉత్తమం. కనీసం రెండు మూడు గంటలు కేటాయించండి. పిల్లలతో వెళ్ళేవారికి ఆయుధాలు, కవచాలున్న గదులు నచ్చుతాయి గానీ, వస్త్రాలు, చిత్తరువులు, పత్రాలున్న గదుల్లో వారికి విసుగు పుట్టవచ్చు. కళాచరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు చిత్రకళ గదులకే సగం సమయం పెట్టుకోవాలి. చరిత్ర మీద మక్కువ ఉన్నవారు అందుకు తలకిందులుగా చేయాలి.

ఇంకొక రోజు చేతిలో ఉంటే పువావికి వెళ్ళిరండి. లూబ్లిన్ నగరానికి వాయవ్యంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, విస్తూలా నది ఒడ్డున ఉన్న ఆ పట్టణంలో సిబిల్ దేవాలయం, గోథిక్ గృహం రెండూ ఆ ఉద్యానవనంలో నిలిచే ఉన్నాయి. అక్కడి మ్యూజియం చిన్నది, క్రాకోవ్‌లోని వాటితో పోల్చదగిన వస్తువులు అక్కడ లేవు. అయినా ఆ గుండ్రని మందిరం ఎంత కొంచెం చోటులో ఉందో కళ్ళారా చూసినప్పుడు, 26 గదులు నిండిన ఈ సేకరణ ఎంతటి పరిమితి నుంచి మొదలైందో తెలుస్తుంది. రెండింటిలో ఒకటే చూడగలిగితే మాత్రం, సందేహం లేకుండా క్రాకోవ్‌నే ఎంచుకోండి.